రైనాల్డు దొంగ కాడన్న మా ఆయన

మా ఆయన జోజయ్య యాభయ్యో ఏట కాలేజీలో చేరాడు. ఆస్ట్రేలియాలో, పర్త్‌లో సిటీ బస్సు నడిపే మనిషి. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ, "సుగుణా, యూనిలో సీటొచ్చింది. పార్ట్‌టైమ్. లాటిన్, పాత హిస్టరీ," అన్నాడు.

"ఎవరికి?" అన్నాను.

"నాకే."

ముందు నా కోపం పుట్టి, ఆ తర్వాత నేను పుట్టానని మా అమ్మ అనేది. గరిటె చేత పట్టుకునే హాల్లోకొచ్చాను. "ముసలోడికి దసరా పండగంటే ఇదే! పిల్లకి లెక్కలు చెప్పండయ్యా అంటే టైము లేదన్నారు. ఇప్పుడు మీరే పోయి బళ్ళో చేరారా? లాటిన్ నేర్చుకుని బస్సులో ఎవరితో మాట్లాడతారు?"

ఆయన ఏమీ అనలేదు. ఎప్పుడూ అంతే. నేను పది అంటే ఆయన తిరిగి ఒక్కటి కూడా అనడు. ఆ ఒక్కటీ అనకపోవడమే నాకు ఇంకా ఒళ్ళు మంట.

ఎందుకు అనడో నాకు తెలుసు. మాది గుంటూరు జిల్లా. నేను లూథరన్ పిల్లని, ఆయన ఆర్.సి.ఎం., అంటే కతోలిక ఇంటి పిల్లాడు. ఆయన తండ్రి ఉపదేశి, అంటే చర్చి స్వాములవారు రాని ఆదివారాల్లో ఊళ్ళో ప్రార్థన నడిపించే పెద్దమనిషి. కొడుకుని గురువుని, అంటే చర్చి ఫాదర్ని చేయాలని, ఆ చదువు చెప్పే చిన్న సెమినరీలో వేశాడు. అక్కడ పదిహేడో ఏట లాటిన్ నోటి పరీక్ష. సెమినరీ పెద్ద రెక్టరు గారు పుస్తకం తెరిచి ఒక వాక్యం చూపించి అర్థం చెప్పమన్నారు. ఆ ఒక్క వాక్యం ఈయనకి రాదు. రాదని చెప్పేసి ఉంటే ఇంకోటి అడిగేవారేమో! ఈయన నోరు పెగల్లేదు. మూడుసార్లు అడిగారట. మూడుసార్లూ స్తంభంలా నిలబడ్డాడు. "నోరు లేనివాడు ప్రసంగం ఏం చేస్తాడు" అని మర్నాడే ట్రంకు పెట్టె ఇచ్చి ఇంటికి పంపేశారు. నా కొడుకు గురువు కాబోతున్నాడని ఊరంతా చెప్పుకున్న తండ్రి, ఆ రోజు నుంచి ఆ సంగతే ఇంట్లో ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని ఆయన నాతో ఒకేఒక్కసారి అన్నాడు.

అప్పట్నుంచీ నలుగురి ముందు ఈయన నోరు తెరవడు. ప్రార్థన కూడికలో లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే దగ్గు తెచ్చుకుంటాడు. బస్సెక్కిన వాళ్ళకి గుడ్ మార్నింగ్, దిగిన వాళ్ళకి టాటా. ఎవరైనా ఫలానా వీధి ఎక్కడని అడిగితే, తెలిస్తే చెబుతాడు. తెలియకపోతే మెడ కింది నుంచి ఎర్రబడిపోతాడు పాపం. అలాంటి మనిషి మళ్ళీ ఆ లాటిన్ దగ్గరికే పోతానంటే నాకు కోపమే కాదు, భయం కూడా వేసింది. భయం వేస్తే నేను ఇంకా గట్టిగా అరుస్తాను.

నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన చదువుతూనే ఉన్నాడు. అలా ఆరేళ్ళు. పాత టైమ్‌టేబుల్ అట్టల వెనక లాటిన్ మాటలు రాసుకుని చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బస్సు ఆపుకుని అవి బట్టీ పట్టేవాడు. క్లాసులో అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు. మొదటి రోజు ఈయన ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని లోపలికి వెళితే, పంతులుగారనుకుని అందరూ గబగబా పుస్తకాలు తీశారట. పాఠం చెప్పే ఆవిడ పేరు హెలెనా. పిల్లలంతా ఆవిడని పేరు పెట్టి పిలుస్తారు. మా ఆయనకి అది ప్రాణం పోయినా చేతకాదు. "హెలెనా మేడమ్ గారూ" అంటాడు. రెండేళ్ళు వద్దని చెప్పి చెప్పి ఆవిడే ఊరుకుంది.

రాత పరీక్షలన్నీ గట్టెక్కాడు. మాట్లాడాల్సిన క్లాసుల్లో మాత్రం వెనక కూర్చుని రాసుకునేవాడు. చివరి ఏడాదిలో ఒక పేపర్ మిగిలింది. దానికి వ్యాసం రాయాలి, తర్వాత సెమినార్‌లో అందరి ముందు నిలబడి దాని గురించి మాట్లాడాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. తప్పించుకునే దారి లేదు.

ఆ పేపర్ దేని మీదంటే, ఎనిమిది వందల ఏళ్ళ కిందట యూరప్ కొండల్లో ఒక మఠంలో సన్యాసులు రాసుకున్న చరిత్ర మీద. ఒకరు రాస్తూ చనిపోతే ఇంకొకరు అందుకుని, అలా రెండొందల ఏళ్ళు రాశారట, తోలు కాగితాల మీద. ఏ ఏడు ఎవరు మఠాధిపతి అయ్యారు, ఏ ఏడు గంట పగిలింది, చేపల చెరువు కోసం బిషప్‌తో ఎన్నేళ్ళు తగాదా పడ్డారు, ఎవరి ఆవుకి రెండు తలల దూడ పుట్టింది, అన్నీ ఉన్నాయి. ఆయన అన్నం తింటూ అవి చెబుతుంటే నేను విసుక్కుంటూనే వినేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ చేపల చెరువు తగాదా ఏమైందో తెలుసుకోవాలని నాకూ ఉండేది.

హెలెనా మేడమ్ ఒక్కో విద్యార్థికి రెండేసి పేజీలు ఇచ్చింది. మా ఆయనకి ఒక కరువు సంవత్సరం వచ్చింది. ఆ ఏడు చలి పోలేదు, పంట చేతికి రాలేదు. మఠంలో వంట చూసే సన్యాసి బ్రదర్ రైనాల్డు రోజూ అరవై మంది బ్రదర్లలో ఒక్కొక్కరికీ గింజలు కొలిచేటప్పుడు, ఆ కొలతలోంచి పిడికెడు తీసి తలుపు వెనక కుండలో వేసేవాడు. బ్రదర్లకి తెలుసు, అయినా నోరెత్తలేదు. ఒకరోజు మఠాధిపతి ఆ కుండ చూసి రైనాల్డుని పిలిపించాడు. అక్కడ తోలు తడిసి నాలుగు లైన్లు చెరిగిపోయాయి. ఆ తర్వాత, నలభై రోజులు గేటు తెరిచే ఉంది అని ఒక ముక్క. అంతే. ఆ పుస్తకాన్ని వందేళ్ళ కిందట అచ్చు వేసిన పండితుడెవరో కింద ఒక వివరణ పెట్టాడు: "వంటవాడి దొంగతనం." అప్పట్నుంచీ చదివిన ప్రతివాళ్ళూ ఆ వంటాయన దొంగేనని ఒప్పేసుకున్నారు.

మా ఆయన ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటాడు? ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంట్లో చూస్తున్నదే కదా! మా లూథరన్ ఆడవాళ్ళకి పిడికెడు బియ్యం అని ఒక అలవాటు. పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా గుడికి పట్టుకెళతాం. అవి లేనివాళ్ళకి పోతాయి. ఎవరు ఎంత వేశారని ఎవరూ అడగరు. మా అమ్మ చేసింది, నేను ఇక్కడ పర్త్‌లో మేముండే హారిస్‌డేల్‌లో కూడా చేస్తున్నాను, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో. వచ్చిన కొత్తలో అది నిండాక ఇక్కడి చర్చికి పట్టుకెళ్ళి ఫాదర్ చేతిలో పెడితే, ఆయన కాసేపు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "పెళ్ళిలో చల్లడానికా?" అన్నాడు. సిగ్గుతో చచ్చాననుకోండి. అప్పట్నుంచీ మా వీధి చివర అద్దెకుండే మన స్టూడెంట్ పిల్లలకి ఇస్తున్నాను. వాళ్ళు ఎందుకని అడగరు, వండుకుంటారు.

ఒక ఆదివారం చర్చిలో పూజ అయి ఇంటికొచ్చేసరికి హెలెనా మేడమ్ దగ్గర్నుంచి మా ఆయన వ్యాసం వెనక్కి వచ్చి ఉంది. మా అమ్మాయి ఎవా లాప్‌టాప్ తెరిచి చదివింది. అప్పటికి దానికి పదిహేడు.

"నాన్నా, షీ లైక్స్ యువర్ ట్రాన్స్‌లేషన్. బట్ హియర్... మీరు రాశారు కదా, 'ఇది దొంగతనం కాదు, అందరికీ తెలిసిన ఆచారమే' అని. షీ సేస్, 'నోన్ టు హూమ్?'"

"అంటే?" అన్నాను.

"ఎవరికి తెలుసు, అంటోంది మమ్మీ."

"ఎవరికి తెలీదో ఆవిణ్ణి చెప్పమను!" అని లేచాను. "మా అమ్మకి తెలుసు, మా అమ్మమ్మకి తెలుసు, మా పేటలో ఇంటింటికీ తెలుసు!"

"మమ్మీ, దేర్ ఈజ్ నో పేట ఇన్ పర్త్," అంది అది.

నాకు చుర్రుమంది గానీ, ఆలోచిస్తే పిల్ల మాటలో తప్పేముంది? ఈయన చేసిన పని చూడండి. పన్నెండు పేజీల వ్యాసం రాశాడు, అసలు సంగతికి ఒక్క వాక్యం. పిడికెడు తీయడం అంటే ఏమిటో, ఎప్పుడు తీస్తారో, ఎక్కడ పెడతారో ఒక్క ముక్క లేదు. ఇంట్లో రోజూ చూసే పని కాబట్టి లోకమంతా చూస్తోందనుకున్నాడు. ఆవిడ ఆ కింద ఇంకో మాట కూడా రాసింది: సెమినార్‌లో ఇది నిరూపించగలిగితే బాగుంటుంది, లేకపోతే అచ్చులో ఉన్న అభిప్రాయానికే కట్టుబడాలి.

"ఇలా రండి," అని ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళాను. "ఆ వంటాయన పిడికెడు ఎప్పుడు తీశాడు? వండకముందా, వండాకా?"

"కొలిచేటప్పుడు. వండకముందు."

"అందరి కొలతలోంచీ తీశాడా, ఎవడిదో ఒకడిదా?"

"అందరిదీ."

"వాళ్ళు చూస్తుండగానేనా?"

"వాళ్ళకి తెలుసని ఉంది."

"దొంగ అలా చేస్తాడటండీ? గాదె తాళం వాడి దగ్గరే ఉంటే ఒక మూట ఎత్తుకుపోతాడు గానీ, అరవై మంది చూస్తుండగా అరవై పిడికిళ్ళు తీస్తాడా? దొంగకి అంత ఓపికుంటే దొంగెందుకవుతాడు?"

ఆయన నవ్వాడు. నవ్వి, మళ్ళీ ముఖం వేలాడేశాడు. "కానీ కుండ తలుపు వెనక పెట్టాడు సుగుణా. దాచాడు కాబట్టే దొంగతనం అంటున్నారు."

"ఏ తలుపు?"

"తలుపంటే తలుపు."

"ఏ తలుపండీ! ఇంటికి పది తలుపులుంటాయి. మా అమ్మ డబ్బా కూడా తలుపు వెనకే ఉండేది. వీధి తలుపు వెనక. ఎవరైనా వచ్చి అమ్మా అంటే, తలుపు తీసిన చేత్తోనే అందుకోవచ్చని. మీ వాడు ఏ తలుపు వెనక పెట్టాడో చూడండి ముందు!"

ఆయన కళ్ళజోడు వెతుక్కుని, కాగితాలు తెచ్చి, స్టవ్ పక్కన నిలబడే చూశాడు. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడున్న మాట పెద్ద గేటు," అన్నాడు మెల్లగా. "వంటింటి తలుపు కాదు, వాడి గది తలుపూ కాదు. ఊళ్ళో వాళ్ళు అన్నానికొచ్చి నిలబడే గేటు. నలభై రోజులు తెరిచి ఉందని రాసినదీ ఈ గేటే. ఆరేళ్ళు లాటిన్ చదివాను సుగుణా, ఇది చూళ్ళేదు."

"చూశారా! మీ కతోలిక సన్యాసిని మా లూథరన్ బియ్యం డబ్బా విడిపించింది," అన్నాను. అంత గర్వం నాకు ఎవా పుట్టినప్పుడు కూడా కలగలేదు.

వ్యాసం తిరగరాశాడు. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. సెమినార్ శుక్రవారం అనగా బుధవారం సాయంత్రం, పెరట్లో బట్టలు తీస్తుంటే వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"నేను మేడమ్ గారికి మెయిల్ పెట్టేస్తా. డ్రాప్ అవుతా."

నేను అరవలేదు. "ఎందుకండీ?" అన్నాను.

"మాట్లాడ్డం రాసుకుని చదివేస్తా. అది పర్లేదు. తర్వాత క్వశ్చన్లు అడుగుతారు. తెలియంది అడుగుతారు."

"తెలియకపోతే తెలియదని చెప్పండి."

"అదే నాకు చేతకాదు సుగుణా." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా నోట ఆ మాట రాదు. మళ్ళీ అలాగే నిలబడిపోతాను. ఈసారి అలా అయితే ఇక పుస్తకం ముట్టుకోను. నా సంగతి నాకు తెలుసు."

నాకూ తెలుసు. డిగ్రీ పోతే పోనీ, దాన్ని పెట్టుకుని మేమేం చేస్తాం? కానీ ఈ ఆరేళ్ళలోనే ఈయన అన్నం దగ్గర నాతో మాట్లాడ్డం నేర్చుకున్నాడు. చేపల చెరువు గురించే కావచ్చు, మాట మాటే కదా! మళ్ళీ ఆ నోరు మూతపడితే నేను ఎవరితో పోట్లాడాలి?

"చూడండి," అన్నాను. "ఆ వంటాయన్ని వందేళ్ళుగా దొంగ అంటున్నారు. ఇవాళ లోకంలో ఆయన తరఫున మాట్లాడే మనిషి మీరొక్కరే. మీరు ఇంట్లో కూర్చుంటే ఆయన దొంగగానే ఉండిపోతాడు. మీ ఇష్టం." అని బట్టల బుట్ట ఆయన చేతిలో పెట్టి లోపలికి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున్న చూస్తే నా బియ్యం డబ్బా లేదు. స్టీలు గిన్నెలూ లేవు, ఫాదర్ వచ్చి మా కొత్త ఇల్లు దీవించిన రోజు కొన్నవి. ఎవాని అడిగితే "ఐ నో నథింగ్" అని బ్యాగు తగిలించుకుని పారిపోయింది. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం షిఫ్ట్ ఇంకొకామెకి ఇచ్చి, తిట్టుకుంటూ యూనికి వెళ్ళాను. ఆ రూము వెతుక్కునేసరికి తలుపు వేసేశారు. మెల్లగా తోసి వెనక కుర్చీలో కూర్చున్నాను.

నా గిన్నెలు అక్కడున్నాయి! ఎనిమిది మంది విద్యార్థుల ముందూ తలా ఒకటి, నిండా బియ్యంతో. మా ఆయన మధ్యలో నిలబడి ఉన్నాడు, చంకలో నా ఐస్‌క్రీమ్ డబ్బా. చేతిలో కాగితం లేదు.

"ఇది మీ ఇవాళ్టి భోజనం," అన్నాడు ఇంగ్లీషులో. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి గిన్నెలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేశాడు. "దీనివల్ల ఎవరైనా పస్తుంటారా?"

వాళ్ళు తల అడ్డంగా ఊపారు. ఆయన ఆ డబ్బాలోవి ఖాళీగా ఉన్న తొమ్మిదో గిన్నెలో పోశాడు. గిన్నె నిండింది. "ఎనిమిది మంది దగ్గర తీస్తే తొమ్మిదో మనిషికి భోజనం. ఆ మఠంలో అరవై మంది," అన్నాడు. హెలెనా మేడమ్ కలం పక్కన పెట్టేసింది. అక్కడ్నుంచి ఆయన గేటు సంగతి చెప్పాడు, నలభై రోజుల సంగతి చెప్పాడు, ఇది ఎక్కడ నేర్చుకున్నావని వాళ్ళు అడక్కముందే "నా భార్య వంటింట్లో" అని చెప్పాడు. నేను తలొంచుకుని నా బ్యాగు జిప్పు తీసి వేసి తీసి వేసి, దాన్ని పాడు చేశాను.

అప్పుడు క్వశ్చన్లు. ముందు వరసలో నాథన్ అనే పిల్లాడు, ఎర్రజుట్టువాడు, మా ఆయన్ని మేటూ మేటూ అని నేస్తంలా పిలిచేవాడు, చెయ్యెత్తాడు.

"జోజయ్యా, మఠాధిపతి పిలిపించాడు కదా. తర్వాత రైనాల్డుని ఏం చేశాడు? శిక్షించాడా, వదిలేశాడా?"

ఆ నాలుగు లైన్లే లేవు. మా ఆయన కదలకుండా నిలబడిపోయాడు. మెడ కింది నుంచి ఎరుపు పాకడం నాకు వెనక కుర్చీ నుంచే కనబడింది. తెలియదని చెప్పండీ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ప్రభువా, ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నేనే నోరు మూసుకున్నాను.

ఆయన చేతికంటిన బియ్యప్పిండి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఐ డోంట్ నో," అన్నాడు.

ఆ తర్వాత, ఇంకొంచెం గట్టిగా, ఆ చోట కాగితం పాడైందనీ, రైనాల్డు ఏమయ్యాడో తనకి తెలియదనీ చెప్పాడు. నాథన్ "ఫెయిర్ ఎనఫ్, మేట్" అని రాసుకున్నాడు. హెలెనా మేడమ్ "ఎవరికీ తెలియదు, జోజయ్యా" అంది. అంతే. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆయన్ని ఇంటికి పొమ్మనలేదు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

కిటికీ పక్కన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. మా ఆయన ఆ పిల్ల వైపు తిరిగి, ఎక్కడున్నాడో మర్చిపోయి, తెలుగులోనే "అడుగమ్మా" అన్నాడు.